ఎవరితో కూర్చుని తిన్నావమ్మా?

ఇంజనీరింగ్ ఫస్టియర్‌లో చేరి హాస్టల్లో దిగిన అమ్మాయికి రోజు మొత్తంలో కష్టమైన వేళ సాయంత్రం నాలుగున్నర. చివరి పీరియడ్ అయిపోతుంది. డేస్కాలర్ల బస్సులు వరసగా గేటు దాటి తణుకు వైపు, నరసాపురం వైపు, పాలకొల్లు వైపు వెళ్లిపోతాయి. పొద్దుటి నుంచి పక్కన కూర్చున్న కొత్త స్నేహితురాలు బస్సు కిటికీలోంచి చెయ్యి ఊపుతుంది. హాస్టల్ పిల్లలు మిగులుతారు. మెస్ గంట కొట్టేది ఏడున్నరకి. ఇలా మూడు గంటలు చేతికిచ్చి ‘నీ ఇష్టం, ఏం చేస్తావో చేసుకో’ అన్నవాళ్లు ఆ పిల్ల జీవితంలో అప్పటిదాకా ఒక్కరూ లేరు.

నేను గోదావరి పశ్చిమ డెల్టాలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఫస్టియర్‌కి లెక్కలు చెప్తాను. అమ్మాయిల హాస్టల్‌కి వార్డెన్‌ని కూడా. నా ఇల్లు హాస్టల్ ఆవరణలోనే. ఇంజనీరింగ్ సీట్లకి ఈఏపీసెట్ కౌన్సెలింగ్ మొదలైన దగ్గర్నుంచి తల్లిదండ్రులు ఫోన్లు చేస్తుంటారు. ఫీజు రీయింబర్స్‌మెంట్ సంగతి అడుగుతారు, ప్లేస్‌మెంట్లు అడుగుతారు, మెస్‌లో నాన్‌వెజ్ ఎన్నిసార్లు పెడతారని అడుగుతారు. అడగాల్సినవే. అయితే మా అమ్మాయి ఇల్లు వదిలి వచ్చి ఆ మొదటి రెండు నెలలు ఎలా ఉంటుందండీ, మేమేం చెయ్యాలి అని అడిగేవాళ్లు అరుదు. వాళ్లు అడగకపోయినా చెప్పాలనిపించి ఇది రాస్తున్నాను.

ముందు ఇంటర్ సంగతి. మా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది రెండేళ్లు రెసిడెన్షియల్ కాలేజీల్లో చదివి వస్తారు. అక్కడ తెల్లారగట్ల ఐదింటికి లేపుతారు. స్టడీ అవరు, క్లాసు, మళ్లీ స్టడీ అవరు, వారం వారం పరీక్ష, పరీక్ష కాగానే ర్యాంకు. ఎప్పుడు తినాలో, ఎప్పుడు స్నానం చెయ్యాలో, ఎప్పుడు పడుకోవాలో అన్నీ ఇంకెవరో చెప్తారు. అలా ఉండి వచ్చినవాళ్లకి హాస్టల్ అలవాటే కదా అని అమ్మానాన్నలు ధీమాగా ఉంటారు. నాకు కనపడేది వేరు. ఇంటి నుంచి రోజూ వెళ్లి చదువుకున్న పిల్ల మొదటి వారం ఏడ్చి, తర్వాత తేరుకుంటుంది. రెసిడెన్షియల్ నుంచి వచ్చిన పిల్ల మొదటి వారం సంబరంగా తిరిగి, మూడో వారానికి మంచం దిగదు. ఖాళీ సమయాన్ని ఏం చేసుకోవాలో ఆ పిల్లకి ఎవరూ నేర్పలేదు. స్నేహం చెయ్యడం కూడా చాలామంది మర్చిపోయి వస్తారు. పక్కనున్న పిల్ల ర్యాంకులో తనకి పోటీ అని రెండేళ్లు విన్నవాళ్లు వాళ్లు మరి.

అందుకే మొదటి నెలంతా నాలుగున్నరకి గదుల్లోకి వెళ్లి తలుపులేసుకోనివ్వను. పోర్టికోలో టీ పెట్టిస్తాను, మరమరాల మిక్చరో, పకోడీయో. టీ తాగాక ఎవరికి తోచింది వాళ్లు చెయ్యొచ్చు, అందరి కంటికీ కనపడే చోట ఉండాలి, అంతే. కొందరు షటిల్ ఆడతారు. కొందరు సీనియర్ అమ్మాయిలతో కాలవగట్టు మీద వంతెన దాకా నడిచొస్తారు. ఫస్టియర్‌కి మూడు వారాల ఇండక్షన్ కార్యక్రమం పెట్టాలని, దేశంలో సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈ నిబంధన ఉంది. ఆటలు, పాటలు, చుట్టుపక్కల ఊళ్లు చూపించడం, చిన్న బృందాలుగా కూర్చుని మాట్లాడుకోవడం అన్నీ అందులో ఉన్నాయి. దాన్ని మొక్కుబడిగా కాకుండా మనసుపెట్టి జరిపితే చాలా మేలు. మా వాళ్లకి నేను చెప్పేదొక్కటే, పగటిపూట ఉపన్యాసాలు కాస్త తగ్గించి సాయంత్రాలు నింపండి అని.

అలా ఊళ్లు చూపించేటప్పుడే ఒకసారి నరసాపురం వైపు లేసు అల్లే ఆడవాళ్ల దగ్గరికి తీసుకెళ్లాం. అనంతపురం నుంచి వచ్చిన ఒక అమ్మాయి ఉండేది. అప్పటిదాకా ఎవరితోనూ రెండు మాటలు కలిపింది లేదు. తన యాస విని నవ్వుతారేమోనని భయం. ఆ రోజు ఒకావిడ చేతులు చూస్తూ అలాగే నిలబడిపోయింది. హాస్టల్‌కి తిరిగొచ్చాక తెలిసింది, మా మెస్‌లో వడ్డించే ఆవిడకి లేసు అల్లడం చిన్నప్పటి నుంచీ వచ్చని. మర్నాటి నుంచి నాలుగున్నరకి మెస్ వెనక అరుగు మీద ఇద్దరూ. తెల్ల దారపు ఉండ ఒళ్లో, లేసు సూది చేతిలో. మొదట్లో అల్లిందంతా విప్పడమే. ముడి ఎక్కడ తప్పిందో ఆవిడ వేలితో చూపించి, ‘పర్లేదమ్మా, ఇక్కడి దాకా లాగెయ్, మళ్లీ ఎత్తుకుందాం’ అనేది. ఇంకో ఇద్దరు చూడ్డానికి వచ్చి కూర్చున్నారు. దసరాకి ఆ పిల్ల వాళ్లమ్మకి అరచేయంత లేసు ముక్క పట్టుకెళ్లింది. ఆ ముక్క వాళ్లింట్లో టీవీ మీద పరిచి ఉందని వాళ్ల నాన్నగారు నాకు ఫోన్ చేసి మరీ చెప్పారు.

ఇప్పుడు మీ ఫోన్ల సంగతి.

రాత్రి ఎనిమిదింటికి మా వరండా నిండా పిల్లలూ ఫోన్లూ. ఇటువైపు నుంచి నాకు వినపడేది ఒకటే వరస. ‘ఆ, తిన్నానమ్మా.’ ‘ఆ, చదువుతున్నా.’ ‘ఆ, బానే ఉన్నా.’ అవతల మీరు అడిగిన ప్రశ్నలు ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. మూడింటికీ ఒక్క ‘ఆ’తో జవాబు అయిపోతుంది. ఏడుపు గొంతు దాకా వచ్చి ఉన్న పిల్ల కూడా ‘ఆ’ అనగలదు. బదులుగా, ఎవరితో కూర్చుని తిన్నావమ్మా అని అడిగి చూడండి. దానికి ఒక పేరు చెప్పాలి. పేరు చెప్తే ఆ పిల్లది ఏ ఊరని అడుగుతారు, ఆ ఊరి కబురొకటి వస్తుంది, మాట సాగుతుంది. నాలుగు రోజులు వరసగా ఏ పేరూ రాకపోతే, ‘ఎవరో ఒకరు లేమ్మా’ అని దాటేస్తే, పిల్ల ఒక్కతే తింటోందేమోనని అనుమానించాలి. అలా ఒంటరిగా తినే పిల్ల కొన్నాళ్లకి మెస్‌కి రావడమే మానేసి గదిలో బిస్కెట్ ప్యాకెట్‌తో సరిపెట్టుకుంటుంది. ప్లేట్లు పెట్టిన బల్ల దగ్గర నేను రోజూ నిలబడేది ఇందుకే. కూర ఎలా కుదిరిందో చూడ్డానికి వచ్చానని పిల్లలు అనుకుంటారు. ఎవరు ఎవరితో కలిసి వస్తున్నారో, ఎవరు రాలేదో చూసుకుంటాను.

మీరు పంపే ఆవకాయ కూడా రెండు సీసాలు పంపండి. ఒకటి పంచుకోవడానికి. కోనసీమ నుంచి వచ్చే పిల్లల అమ్మలకి ఇది చెప్పనక్కర్లేదు, కొబ్బరుండలు గది మొత్తానికీ సరిపడా కట్టి పంపుతారు. ఆ మూట విప్పిన సాయంత్రం ఆ గదిలో మాటలు నడవా చివరిదాకా వినపడతాయి.

ఆగస్టు మా పిల్లల్లో కొందరికి ఇంకోలా కష్టం. క్లాసులు మొదలయ్యే రోజులూ గోదావరికి ఎర్రనీళ్లు వచ్చే రోజులూ ఒకటే. రాజోలు అవతల లంక నుంచి వచ్చిన ఒక అమ్మాయి, నేను లెక్కల్లో మ్యాట్రిక్స్ ర్యాంక్ పాఠం చెప్తుంటే బల్ల కింద ఫోన్ చూసుకుంటోంది. దగ్గరికి వెళ్లి చూశాను. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం చూస్తోంది. నోట్సు చివరి పేజీలో గంట గంటకీ రాసుకుంది, అడుగులు ఒక వైపు, లక్షల క్యూసెక్కులు ఇంకో వైపు. 11.75 అడుగులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకల పిల్లలకి ఈ అంకెలు ఎక్కాల్లా నోటికొచ్చు. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు ఆ అమ్మాయి పదో తరగతి పాసై ఇంట్లోనే ఉంది. బియ్యం అటకెక్కించడంలో, గేదెల్ని ఏటిగట్టు మీదికి తోలడంలో తనూ ఒక చెయ్యి వేసింది. ఇప్పుడు నాన్న ఒక్కరే తోలుకోవాలి. ‘నేనక్కడ లేను కదండీ మేడమ్’ అంది, కళ్లు నోట్సు మీంచి తియ్యకుండా.

ఫోన్ బల్ల మీదే పెట్టుకోమన్నాను. కొత్త అంకె వచ్చినప్పుడల్లా లేచి బోర్డు కుడివైపు మూల రాయమన్నాను. క్లాసులో సగం మందికి లంక అంటే ఏమిటో తెలీదు. కర్నూలు పిల్లలూ, శ్రీకాకుళం పిల్లలూ ఆ రోజే విన్నారు, గోదావరి పాయల మధ్య ఊళ్లుంటాయని, వరదొస్తే పడవ మీద తప్ప దారి ఉండదని. సాయంత్రం టీ దగ్గర ఆ పిల్ల చుట్టూ చేరి అడిగిందే అడిగారు. రాత్రి గది అమ్మాయిలు తనతోపాటు మేలుకున్నారు. నీటిమట్టం తగ్గడం మొదలైన రోజు ఆ అంకె బోర్డు మీద రాసి వెనక్కి తిరిగితే క్లాసంతా చప్పట్లు కొట్టింది. చాలా ఏళ్లుగా లెక్కలు చెప్తున్నాను గానీ, ఒక అంకెకి పిల్లలు చప్పట్లు కొట్టడం అదే చూడ్డం.

ఇంటి బెంగ అనగానే ‘నాలుగు రోజులు పోతే అదే అలవాటవుతుంది’ అని తేల్చేస్తాం. ఎందుకు బెంగో అడిగితే ఏదో ఒక కారణం ఉంటుంది. వరద ఉంటుంది, చేపల చెరువులో నష్టం ఉంటుంది, మంచాన పడ్డ నానమ్మ ఉంటుంది. ‘చదువు పాడవుతుంది, దానికి చెప్పకండి’ అని ఇంట్లో సంగతులు దాచేవాళ్లున్నారు. పిల్లకి గొంతులో తేడా తెలిసిపోతుంది, అసలు సంగతి తెలీక ఇంకా ఎక్కువ ఊహించుకుంటుంది. చెప్పెయ్యండి. చెప్పి, ఎవరు ఏం చూసుకుంటున్నారో కూడా చెప్పండి.

తర్వాత వచ్చేది మొదటి మిడ్, అంటే సెమిస్టర్ మధ్యలో కాలేజీ పెట్టే పరీక్ష. ఇంటర్‌లో 1000కి 970 తెచ్చుకున్న పిల్లకి 30కి 12 వస్తాయి. ర్యాంక్ ఆఫ్ మ్యాట్రిక్స్ ఇంటర్‌లో చదివిందే, అయినా ఇక్కడ బిట్లు వేగంగా పెట్టడం కాదు, ప్రతి అడుగూ రాసి చూపించాలి. పైగా పుస్తకంలో లెక్క పుస్తకంలో ఉన్నట్టు రాదు. ‘నాకసలు ఏమీ రాదు మేడమ్, ఇన్నాళ్లూ నన్ను నేనే మోసం చేసుకున్నాను’ అని ఏడ్చినవాళ్లు ఎంతమందో. అప్పుడు ధైర్యం చెప్పే మాటల కన్నా ముందు కాయితం, కలం తీసుకుంటాను. మా యూనివర్సిటీ జేఎన్‌టీయూకే (కాకినాడ జేఎన్‌టీయూ) పద్ధతిలో ఇంటర్నల్స్ 30, చివరి పరీక్ష 70. రెండు మిడ్‌లలో ఎక్కువ వచ్చినదానికి 80 శాతం, తక్కువ వచ్చినదానికి 20 శాతం లెక్క. మొదట్లో 12 వచ్చి రెండోదాంట్లో 25 వస్తే, 25లో 80 శాతం 20, 12లో 20 శాతం 2.4, మొత్తం 22.4. ఈ పద్ధతి పెట్టింది నీలాంటివాళ్ల కోసమేనమ్మా, మొదటి మిడ్‌లో తడబడతారని తెలిసే పెట్టారు అంటాను. ఆ లెక్క తన చేత్తో చేశాక పిల్ల ముఖం మారిపోవడం నా కళ్లతో చూస్తాను. అమ్మానాన్నలూ, మీరు కూడా ‘ఎన్నొచ్చాయి’ అన్నది కొన్నాళ్లు పక్కన పెట్టి, ఏ లెక్క దగ్గర ఆగిపోయావని అడగండి. మీకు లెక్కలు రాకపోయినా పర్లేదు, తను చెప్తుంటే వినండి చాలు.

ఇక బ్రాంచి సంగతి. కంప్యూటర్స్ (సీఎస్‌ఈ) రాక ఎలక్ట్రికల్ (ఈఈఈ)లోనో సివిల్‌లోనో చేరిన పిల్లని పెళ్లిళ్లలో చుట్టాలు ‘అయ్యో, సీఎస్‌ఈ రాలేదా’ అంటారు. ఆ మాట మోసుకొని హాస్టల్‌కి వస్తారు పిల్లలు. ఆ చుట్టాల ముందు మీరు కల్పించుకుని, మా అమ్మాయికి వచ్చిన బ్రాంచి మాకిష్టమే అని పిల్ల వింటుండగా అనండి. అది నేను అనడం వేరు, మీరనడం వేరు.

నా అనుభవంలో అసలు జాగ్రత్తగా ఉండాల్సింది దసరా సెలవుల నుంచి తిరిగొచ్చిన వారం. చేరినప్పటి ఏడుపు అందరూ చూస్తారు, ఓదారుస్తారు. దసరాకి వెళ్లి సొంత మంచం మీద పడుకుని, అమ్మ చేతి అన్నం తిని వచ్చాక పట్టుకునే దిగులు ఎవరికీ కనపడదు. ఇంకా అలవాటు కాలేదా అంటారేమోనని పిల్లలు దాచుకుంటారు. మన అదృష్టం, ఆ రోజుల్లోనే అట్లతద్ది వస్తుంది. ఆశ్వయుజ బహుళ తదియ అంటే దసరా వెళ్లిన వారం పైచిలుకు. ముందురోజు రాత్రి మెస్ వాళ్లు గోరింటాకు రుబ్బి బేసిన్లో పెడతారు. పిల్లలు ఒకళ్ల చేతికొకళ్లు పెట్టుకోవాలి, ఎవరి చేతికి వాళ్లు పెట్టుకోకూడదని నేను పెట్టిన నియమం. తెల్లారకుండానే లేచి గోంగూర పచ్చడి, పెరుగన్నం తిని, మెస్ పక్క వేపచెట్టుకి కట్టిన ఉయ్యాల దగ్గరికి పరుగులు. నోము పట్టేవాళ్లు పడతారు, పట్టనివాళ్లు ఉయ్యాల ఊగుతారు. క్రైస్తవుల పిల్లలు, ముస్లిం పిల్లలు, ఏజెన్సీ నుంచి వచ్చిన పిల్లలు అందరూ ఉంటారు. ఉయ్యాల బలంగా ఊపేది రంపచోడవరం అమ్మాయేనని గత ఏడాది తేలింది. ఎర్రటి చేతులతో ఎనిమిదిన్నర క్లాసుకి వచ్చి కూర్చుంటారు, సగం మంది ఆవలిస్తూ. ఆ పూట నేను ఎవర్నీ ఏమీ అనను.

మగపిల్లల హాస్టల్ చూసే మాస్టారు నాతో ఎప్పుడూ అనేది ఒకటే. మీ అమ్మాయిలు కనీసం ఏడుస్తారండీ, మావాళ్లు దుప్పటి ముసుగేసుకుని ఫోన్ చూస్తూ పడుంటారు అని. అబ్బాయిల అమ్మానాన్నలకి నా మనవి, నాన్నలే ఎక్కువగా ఫోన్ చెయ్యండి. డబ్బుల సంగతి ఎత్తకుండా ఐదు నిమిషాలు మాట్లాడండి. క్రికెట్ గురించైనా సరే.

కొన్ని గుర్తులు బెంగ అని వదిలెయ్యకూడనివి. రాత్రంతా నిద్రలేకుండా పగలంతా పడుకోవడం, స్నానం, తిండి మానెయ్యడం, ఇష్టమైన వస్తువులు ఉన్నట్టుండి అందరికీ ఇచ్చెయ్యడం, ‘నేను లేకపోతే మీకే హాయి’ లాంటి మాటలు. ఇలాంటప్పుడు చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగాలి. అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని భయపడతారు, అలా పుట్టదు. అడిగినవాళ్ల దగ్గర పిల్ల బరువు దించుకుంటుంది. ఒంటరిగా వదలకూడదు, వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాలి. కాకినాడ ప్రభుత్వాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అర్ధరాత్రి అయినా 14416కి ఫోన్ చెయ్యొచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ అది. డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. అమ్మానాన్నలు కూడా చేసి సలహా అడగొచ్చు. ర్యాగింగ్ అయితే 1800-180-5522.

2025 జూలైలో సుప్రీంకోర్టు, విశాఖపట్నంలో నీట్ కోచింగ్‌లో ఉన్న ఒక అమ్మాయి మరణం మీద వచ్చిన కేసులో, 100 మంది, అంతకు పైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత గల కౌన్సెలరో, సైకాలజిస్టో, సోషల్ వర్కరో కనీసం ఒక్కరైనా ఉండాలని చెప్పింది. పరీక్షలప్పుడూ, ఒక చదువు నుంచి ఇంకో చదువుకి మారేటప్పుడూ చిన్న చిన్న బృందాలకి ప్రత్యేకంగా మెంటర్లుండాలంది. హెల్ప్‌లైన్ నంబర్లు హాస్టళ్లలో కనపడేలా పెట్టమంది. కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ల్యాబులతోపాటు ఇది కూడా అడగండి. మీ కౌన్సెలర్ ఎవరు, ఏ గదిలో కూర్చుంటారు, ఏ రోజుల్లో ఉంటారు అని. అడగడానికి మొహమాటపడకండి.

శుక్రవారం రాగానే ఇంటికి వస్తానంటే మొదటి నెల రానివ్వండి. వద్దని బిగపట్టి ప్రయోజనం లేదు. కానీ ఆదివారం మధ్యాహ్నం భోజనం కాగానే పంపించెయ్యండి. సోమవారం తెల్లవారుజామున బస్సెక్కించి పంపుదామనుకోకండి. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు కోసం చూసి, నరసాపురంలో మళ్లీ బస్సు కోసం చూసి, మొదటి పీరియడ్ పోయాక వస్తారు. హాజరు 75 శాతం కావాలి, అది ఒక సంగతి. ఆదివారం సాయంత్రం అందరూ ఇళ్ల నుంచి తెచ్చినవి విప్పుకుని కూర్చునే వేళకి మీ పిల్ల అక్కడ ఉండాలి, అది నాకు ముఖ్యమైన సంగతి.

చేర్పించడానికి వచ్చిన రోజు పరుపు పరిచి, బకెట్టు, తాళం కొని, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయే ముందు ఒక్క పని చెయ్యండి. పక్క మంచం అమ్మాయి వాళ్లమ్మగారితో కాసేపు మాట్లాడి నంబరు తీసుకోండి. మీ అమ్మాయి మీకు చెప్పనిది ఆ అమ్మాయి వాళ్లమ్మకి చెప్తుంది. నా నంబరు కూడా తీసుకోండి. రాత్రి ఏ వేళ చేసినా ఎత్తుతాను.